సిమ్యులేటర్‌లో తిరిగిన మోటర్ టేబుల్ మీద ఎందుకు తిరగలేదు: ఒక ఎలక్ట్రీషియన్ బ్యాచ్ కేస్ స్టడీ

మాది వరంగల్ దగ్గరి ఒక ఐటీఐ. నేను ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చెప్పే ఏటీవోని, అంటే అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్‌ని. ట్రేడ్ రెండేళ్లు, యూనిట్‌కు 20 మంది. పర్కాల, నర్సంపేట, ములుగు, మహబూబాబాద్ వైపు నుంచి వస్తారు. సగానికి పైగా బాయికాడ మోటర్ ఉన్న ఇళ్ల పిల్లలే. స్టార్టర్ డబ్బా అంటే ఏమిటో వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు, చిన్నప్పటి నుంచీ పచ్చ బటన్ నొక్కి పొలానికి నీళ్లు పెట్టినవాళ్లు. ఆ డబ్బా లోపల ఏం జరుగుతుందో చెప్పడమే నా పని.

ఇక్కడ రాస్తున్నది 2022-24 బ్యాచ్ రెండో ఏడాదిలో కంట్రోల్ ప్యానెల్ మీద స్టార్-డెల్టా స్టార్టర్ వైరింగ్ నేర్పినప్పటి సంగతి. ఫోన్‌ను పాఠంలోకి తెచ్చాం. మొదట బాగా పనిచేస్తోందనుకున్నాం, తర్వాత ఒక మోటర్ కాలబోయింది, ఆ తర్వాత అదే ఫోన్‌ను వేరే పనికి వాడాం. ఆ వేరే పని ఏమిటన్నదే చెప్పాలని ఇది రాస్తున్నాను.

దానికంటే ముందు 2020 గురించి కొంచెం చెప్పాలి. ఆ ఏడాది మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే వర్క్‌షాప్‌కు తాళం పడింది. డిజిటల్ పాఠం అంటే అప్పటికి నాకు తెలిసింది వాట్సాప్ గ్రూపే. 1986 నుంచి చెన్నైలో ఉండి ఐటీఐలకు పుస్తకాలు, పాఠాలు తయారు చేస్తున్న నిమి సంస్థ వీడియోలు, ఐటీఐల శిక్షణను చూసే కేంద్ర విభాగం డీజీటీ 2019లో తెచ్చిన భారత్ స్కిల్స్ పోర్టల్‌లో ఉన్న పాఠాలు, ప్రశ్నలు వెతికి రోజూ లింకులు పెట్టేవాణ్ణి. చూశారా అని అడిగితే వరసగా బొటనవేలి బొమ్మలు వచ్చేవి.

వర్క్‌షాప్ తెరిచాక మొదటి రోజు ఒక్కొక్కరికి 1.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) వైర్ ముక్క ఇచ్చి, అర అంగుళం ఇన్సులేషన్ తీయమన్నాను. వైర్ స్ట్రిప్పర్ ఎలా పట్టుకోవాలో వీడియోలో అందరూ చూశారు. నోటితో అడిగితే తడుముకోకుండా చెప్పారు కూడా. చేతికి వచ్చేసరికి ఇన్సులేషన్‌తో పాటు రాగి పోగులు కూడా తెగి కింద పడ్డాయి. ఇద్దరు స్ట్రిప్పర్ పక్కన పెట్టి పళ్లతో లాగారు. వీడియోలో ఆయన లాగితే వెన్నలా జారింది కదా, మనకూ అలాగే వస్తుందనుకున్నారు. వైర్‌ను ఏ గాడిలో పెట్టాలో చూసి నేర్చుకోవచ్చు. ఒత్తిడి ఎక్కడ ఆపాలో వేలికి తెలియాల్సిందే.

అయినా ఫోన్ మీద నాకు విరక్తి రాలేదు. థియరీ పరీక్ష కంప్యూటర్ మీదకు మారాక, ఫోన్‌లో మాక్ టెస్టులు చేసిన పిల్లలు టెన్షన్ లేకుండా రాశారు. మౌస్ పట్టుకోవడమే కొత్త అయిన పిల్లలకు అది చిన్న సంగతి కాదు. అంటే ఫోన్ దేనికో ఒకదానికి పనికొస్తోంది. ప్రాక్టికల్‌కు కూడా పనికొస్తుందా అన్నదే తేలలేదు.

యాభై స్క్రూలు

స్టార్-డెల్టా స్టార్టర్ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పెద్ద మోటర్‌ను ఒక్కసారిగా లైన్‌కు కలిపితే తిరగడం మొదలెట్టేటప్పుడు మామూలు కరెంటుకు ఐదారు రెట్లు గుంజుతుంది. అందుకని ముందు మోటర్ లోపలి మూడు వైండింగ్‌లను (తీగ చుట్లను) స్టార్‌లో, అంటే ఒక్కో చివర ఒకే చోట చేరేలా కలిపి తిప్పి, వేగం అందుకున్నాక డెల్టాకు, అంటే ఒకదాని చివర ఇంకోదాని మొదలుకు కలిసేలా మారుస్తాం. 415 వోల్టుల లైన్ మీద స్టార్‌లో ఒక్కో వైండింగ్‌కు 240 వోల్టులే అందుతుంది. లైన్ నుంచి గుంజే కరెంటు నేరుగా డెల్టాలో మొదలెట్టినప్పటి దాంట్లో మూడో వంతు. తిప్పే బలం కూడా మూడో వంతుకు పడిపోతుంది, అది వేరే గొడవ.

దీనికి ప్యానెల్‌లో మూడు కాంటాక్టర్లు, అంటే కాయిల్‌కు కరెంటు ఇస్తే టక్ మని పడి లైన్ కలిపే స్విచ్‌లు కావాలి: మెయిన్, స్టార్, డెల్టా. ఒక టైమర్, మోటర్ ఎక్కువ కరెంటు గుంజితే ఆపేసే ఓవర్‌లోడ్ రిలే ఒకటి, రెండు బటన్లు. మోటర్ నుంచి ఆరు వైర్లు వస్తాయి. స్టార్, డెల్టా రెండూ ఒకేసారి పడితే మూడు ఫేజులు నేరుగా షార్ట్ అవుతాయి కాబట్టి, ఒకటి పడి ఉండగా రెండోది పడకుండా ఇంటర్‌లాక్ పెడతాం. పవర్, కంట్రోల్ అన్నీ కలిపితే మా ప్యానెల్‌లో యాభై దాకా టెర్మినళ్లు వస్తాయి. ప్రతి టెర్మినల్‌కూ ఒక స్క్రూ.

ప్యానెళ్లు పది, పిల్లలు ఇరవై. ఇద్దరికొకటి. వెనకటి బ్యాచ్‌లలో డయాగ్రం బోర్డు మీద గీసి, కాపీ చేయించి, తర్వాత ప్యానెల్ మీదికి పంపేవాణ్ణి. ఒక వైర్ తప్పు కలిపితే దాన్ని వెతకడానికే పూట గడిచేది. ఈసారి డబ్బులు కట్టనక్కర్లేని ఒక సిమ్యులేటర్ యాప్ దొరికింది. తెర మీద కాంటాక్టర్లు, టైమర్, మోటర్ బొమ్మలు ఉంటాయి. వేలితో ఒక టెర్మినల్ నుంచి ఇంకో టెర్మినల్‌కు గీత గీస్తే వైర్ కలుస్తుంది. స్టార్ట్ నొక్కితే మోటర్ తిరుగుతుంది. తప్పుంటే అక్కడే ఎర్రగా చూపిస్తుంది.

క్లాసులో స్మార్ట్‌ఫోన్లు 13 ఉన్నాయి. లేనివాళ్లను ఉన్నవాళ్ల పక్కన కూర్చోబెట్టాను. యాప్ అంతా ఇంగ్లిష్‌లో ఉన్నా పిల్లలకు అది అడ్డమే కాలేదు. కాంటాక్టర్, కాయిల్, టైమర్ అనేవి వాళ్లకు తెలుగు మాటలే. వారం తిరిగేసరికి 14 మంది డయాగ్రం చూడకుండా స్టార్-డెల్టా కలిపేశారు. బస్సులో వస్తూ కలిపేవాళ్లు, అన్నం తింటూ కలిపేవాళ్లు. పర్కాల పిల్లవాడొకడు మూడు నిమిషాల్లో ముగించేవాడు. నేను స్టాఫ్ రూంలో గొప్పగా చెప్పుకున్నాను, వాడి ఫోన్ తీసుకెళ్లి ప్రిన్సిపాల్ సార్‌కు చూపించాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

2024 జనవరిలో అసలు ప్యానెల్. ఆ పర్కాల పిల్లవాడి జట్టే ముందు పూర్తి చేసింది. వైర్లు అందంగా మడిచి, కట్టలు కట్టి, నంబర్ గొట్టాలు తొడిగి ఉన్నాయి. నేను డయాగ్రంతో పోల్చి చూశాను, సరిగ్గా ఉంది. 5 హెచ్‌పీ మోటర్ కలిపి, స్టార్ట్ నొక్కమన్నాను.

మెయిన్ పడింది, స్టార్ పడింది. మోటర్ మాత్రం తిరగలేదు. ఊఁ అని మూలిగింది.

"సార్, గుంజుతలేదు సార్!"

వాడి మాట పూర్తయ్యేలోపే వార్నిష్ వేడెక్కిన వాసన వచ్చింది. మెయిన్ స్విచ్ ఆఫ్ చేశాను. నాలుగైదు సెకన్లు అయ్యుంటుంది. మోటర్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. అంతకు మించి ఏమీ కాలేదు.

ఫ్యూజులు పీకి, మల్టీమీటర్‌ను కంటిన్యుటీలో (కరెంటుకు దారి ఉంటే బీప్ వచ్చే సెట్టింగ్‌లో) పెట్టి ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చాం. స్టార్ కాంటాక్టర్ మూడో టెర్మినల్ దగ్గర బీప్ రాలేదు. వైర్ గుంజి చూశాను, కదల్లేదు. స్క్రూ బాగా బిగిసి ఉంది. విప్పి చూస్తే సంగతి బయటపడింది. ఇన్సులేషన్ తక్కువ తీశాడు. వైర్‌ను లోపలికి బాగా తోశాడు. స్క్రూ రాగి మీద కాకుండా ఇన్సులేషన్ మీద బిగిసింది. బయటికి ఇంతకంటే గట్టి కనెక్షన్ లేదు, లోపల కరెంటు పోయే దారి లేదు. మూడు వైండింగ్‌లలో ఒకదానికి దారి తెగిపోయి, మిగతా రెండిటి మీద మోటర్ నిలబడి మూలిగింది. మన పొలాల్లో సింగిల్ ఫేజింగ్ అని చెప్పుకునే జబ్బు ఇదే.

ఇంకోటి కూడా దొరికింది. ఈ మోటర్ ఫుల్ లోడ్ కరెంటు ఏడున్నర ఆంపియర్లు. మేం రిలేను వైండింగ్ దారిలో పెట్టాం కాబట్టి డయల్‌ను దాంట్లో 0.58 వంతుకు, అంటే 4.35 ఆంపియర్ల దగ్గర పెట్టాలి. వీడు చివరికంటా తిప్పి పెట్టాడు. ఎందుకురా అంటే, "ఎక్కువ పెడితే ట్రిప్ కాదు కద సార్" అన్నాడు. ఇది సిమ్యులేటర్ నేర్పింది కాదు, బాయికాడ నేర్చుకున్నది. మాటిమాటికి ట్రిప్ అవుతోందని రిలేను పైకి తిప్పేయడం, లేదంటే అసలు తీసేసి వైర్ కలిపేయడం వాడు పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. సిమ్యులేటర్‌లో ఆ డయలే లేదు, ఇక వాడి అలవాటు మారే అవకాశం ఎక్కడిది?

ఆ రాత్రి యాప్ తెరిచి నేనే మళ్లీ ఆడి చూశాను. అందులో వైర్ కలిపితే కలిసినట్టు, లేకపోతే లేనట్టు. మధ్యలో ఇంకో స్థితి లేదు. కలిసినట్టు కనిపించి కలవని వైర్‌ను అది చూపించలేదు. మా పనిలో మోటర్లను కాల్చేది చాలాసార్లు ఆ మూడో రకమే. నా పిల్లలు వారం రోజుల్లో సర్క్యూట్ వరస నేర్చుకున్నారు, అది నిజమే, అందుకు యాప్‌కు దండం పెట్టాలి. కానీ యాభై స్క్రూలలో ఒక్కటీ నేర్చుకోలేదు.

చేతుల వీడియో

తర్వాత చేసిన దానికి నేను కారణం కాదు, మళ్లీ ఆ పర్కాల పిల్లవాడే. వాడు తప్పు దొరికిన టెర్మినల్‌ను జూమ్ చేసి ఫొటో తీసి, "ఇట్ల ఉంటే మోటర్ కాల్తది" అని రాసి గ్రూపులో పెట్టాడు. ఆ సాయంత్రం లోపల మిగతా జట్లు వాటి ప్యానెళ్లలో అలాంటివి మూడు పట్టుకున్నాయి. నేను ఏడాదిన్నరగా పెట్టిన లింకుల్లో ఏదీ ఆ పని చేయలేదు. మరుసటి రోజు నుంచి యాప్ ఇంటి పని అయింది. క్లాసులో ఫోన్ పని మార్చాం. బయటివాళ్ల వీడియోలు చూడటం ఆపి, పిల్లలు ఎవరి చేతులను వాళ్లే వీడియో తీసుకోవడం మొదలైంది.

స్టాండ్ కొనలేదు. వర్క్‌షాప్‌లో మిగిలిన పీవీసీ కండ్యూట్ పైపు, రెండు బెండ్లు, ఒక చెక్క పలక, శాడిల్స్, రబ్బరు బ్యాండ్. ఫోన్ ప్యానెల్ మీద నుంచి కిందికి చూస్తూ ఉంటుంది. ఒకరు పని చేస్తుంటే ఇంకొకరు టార్చి పట్టుకుంటారు. ఒక్కో వీడియో ఒక్క టెర్మినల్, నిమిషంన్నర దాటకూడదు. ఇన్సులేషన్ తీయడం దగ్గర మొదలై, బిగించి, గుంజి చూసి, మీటర్‌తో బీప్ వినిపించాక ఆగాలి. మొహం కనిపించొద్దు, చేతులే. చేసేది ఏమిటో గొంతుతో చెప్తూ చేయాలి, వాళ్ల మాటల్లోనే. తప్పు పోతే ఆపి మళ్లీ తీయడం లేదు, తప్పు దిద్దుకోవడం కూడా అదే వీడియోలో రావాలి. ఇక వీడియో తీస్తున్నంతసేపు మెయిన్ ఆఫ్‌లో ఉండాలి. దాని ఫ్యూజులు నా జేబులో ఉంటాయి. ఫోన్ చేతిలో పట్టుకుని కరెంటున్న ప్యానెల్ మీదికి వంగడం కంటే పిచ్చి పని ఉండదు. అందుకని ఈ ఒక్క విషయంలో ఎవరినీ నమ్మలేదు.

రోజూ చివరి అరగంట వర్క్‌షాప్ మూల ఉన్న పాత డెస్క్‌టాప్ చుట్టూ మూగి చూసేవాళ్లం. ప్రొజెక్టర్ ఉంది, కిటికీలకు పరదాలు లేవు, పగలు ఏమీ కనిపించదు.

మొదటి వారం వీడియోలు పిల్లల కంటే నాకే ఎక్కువ చెప్పాయి. ఇన్నేళ్లుగా నేను పూర్తయిన ప్యానెళ్లను చూస్తూ వచ్చాను. పని జరుగుతున్నప్పటి చేతిని చూడలేదు. ఇరవై మంది వెనక ఒక్కడినే నిలబడలేను కదా. ఒకడు సన్నటి టెస్టర్‌తో పెద్ద స్క్రూ తిప్పుతున్నాడు, తల అరిగిపోతోంది, గట్టిగా బిగిసిందన్న భ్రమ కలుగుతోంది. ఒకడు పోగులు మెలి తిప్పకుండానే దూరుస్తున్నాడు, రెండు పోగులు మీసాల్లా బయటే ఉండిపోతున్నాయి. పక్క టెర్మినల్‌కు తగలడానికి అంత చాలు.

నర్సంపేట నుంచి వచ్చే అమ్మాయి సంగతి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. బాగా చదివేది, థియరీలో ముందుండేది, స్ట్రిప్పర్ పట్టుకుంటే మాత్రం ప్రతిసారీ పోగులు తెగేవి. "చెయ్యి తిరగలేదు, అలవాటైతది లే బిడ్డా" అంటూ ఏడాది గడిపేశాను. ఆమె వీడియో మూడోసారి చూస్తుండగా కనిపించింది. మీటర్ ప్రోబ్ తీసుకునేటప్పుడు, కింద పడ్డ స్క్రూ ఏరుకునేటప్పుడు ముందుకు వెళ్తున్నది ఎడమ చెయ్యి. పనిముట్టు పట్టాల్సి వచ్చేసరికి కుడి చేతికి మార్చుకుంటోంది. అడిగితే తల దించుకుని, "ఇంట్ల ఎడమ చెయ్యి వాడితే తిడ్తరు సార్" అంది. ఎడమ చేత్తోనే పట్టుకో అన్నాను. ఆ రోజు సాయంత్రానికి తీసిన వైర్లలో ఒక్క పోగు తెగలేదు. ఏడాదిపాటు ఎదురుగా నిలబడి నేర్పినవాణ్ణి నాకు కనపడనిది తెర పగిలిన ఒక ఫోన్‌కు కనపడింది. సిగ్గుగానే ఉంది, రాయకుండా ఉండలేను.

ఆ అమ్మాయి విషయంలోనే ఇంకో చిక్కు వచ్చింది. ఆమె గొంతు మగపిల్లలున్న గ్రూపులో తిరగడం ఇంట్లోవాళ్లకు ఇష్టం లేదు. ఫోన్ కూడా ఆమెది కాదు, వాళ్ల అన్నయ్యది. నేను పెట్టిన నియమాలలో ఇది ఆలోచించలేదు. అప్పటి నుంచి ఎవరి వీడియో అయినా డెస్క్‌టాప్‌లోనే ఉంటుందని, గ్రూపులో పెట్టేది ఫొటోలేనని మార్చాం. ముందే అలా చేసి ఉండాల్సింది.

ఆ మార్పు వల్ల అనుకోకుండా ఇంకో మేలు జరిగింది. వాట్సాప్‌లో పంపిన వీడియోలు నలిగి, టెర్మినల్ నంబర్లు మసకబారేవి. కేబుల్‌తో నేరుగా ఎక్కించుకుంటే ఆ బాధ లేదు. పిల్లల ఫోన్లలో జాగా కూడా మిగిలింది. ఫైల్ పేరు దగ్గర పట్టుబట్టాను: జట్టు నంబర్, కాంటాక్టర్, టెర్మినల్. లేకపోతే పదో రోజుకే ఏ వీడియో ఎవరిదో తెలియక చెత్తకుప్ప అవుతుంది.

కొన్ని వీడియోలు రీల్స్ అయిపోయాయి, అదొకటి. ఒక జట్టు వెనకాల డప్పు పాట పెట్టి, టెర్మినల్ బిగించిన చేతిని స్లోగా గాల్లోకి లేపింది. నవ్వుకున్నాం. ఆ తర్వాత అదే వీడియో గొంతు తీసేసి చూపించి, ఇందులో మీటర్ బీప్ ఎక్కడుందిరా అని అడిగాను. లేదు. పాటలు ఆగిపోయాయి.

ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా మేడారం జాతర. ఆ వారం క్లాసు నడవదని ఇటువైపు పాఠం చెప్పే ఎవరికైనా తెలుసు. మా దగ్గర ముందూ వెనకా కలుపుకుని పది రోజులు పోయాయి. మామూలుగా జాతర తర్వాత చేతులు మళ్లీ దారిన పడటానికి రెండు రోజులైనా పడుతుంది. ఈసారి తిరిగొచ్చిన పొద్దున ప్యానెల్ ముట్టుకోనివ్వకుండా, ఎవరి పాత వీడియోలు వాళ్లనే చూడమన్నాను. మధ్యాహ్నానికి పని నడిచింది. వాళ్ల గొంతే వాళ్లకు పాఠం చెప్తుంటే వినడానికి మొదట ఇబ్బంది పడ్డారు. "నా గొంతు గిట్లుంటదా సార్" అని ప్రతివాడూ అడిగాడు.

ఏడు ఫ్రేములు, నాలుగు శబ్దాలు

మార్చిలో ఇంకో రెండు పనులు చేశాం. ఇవి కంటికి, చెవికి అందనివాటిని పట్టుకోవడానికి.

స్టార్ నుంచి డెల్టాకు మారేటప్పుడు మధ్యలో చిన్న విరామం ఉంటుంది. స్టార్ పూర్తిగా విడిచాకే డెల్టా పడాలి. పిల్లలకు వినిపించేది ఒకటే టక్. అంత వేగంగా జరిగేదాన్ని నమ్మమంటే ఎట్లా నమ్ముతారు? పవర్ ఫ్యూజులు తీసేసి, కంట్రోల్ సర్క్యూట్‌కు మాత్రమే సప్లై ఇచ్చి, అక్రిలిక్ తలుపు మూసి, దాని బయట నుంచి స్లో మోషన్‌లో తీశాం. సెకనుకు 120 ఫ్రేములు. కాంటాక్టర్ ముందు భాగంలో లోపలికి, బయటికి కదిలే ముక్క కనిపిస్తుంది కదా, స్టార్‌ది బయటికి వచ్చిన ఫ్రేము నుంచి డెల్టాది లోపలికి వెళ్లిన ఫ్రేము దాకా ఒక్కొక్కటిగా జరుపుతూ లెక్కపెట్టారు. ఏడు. 120లో ఏడు అంటే దాదాపు 58 మిల్లీసెకన్లు. టైమర్ మీద కంపెనీ రాసిన అంకె 60. ఆ లెక్క బోర్డు మీద వేసిన పిల్లవాడు పదో తరగతి లెక్కల్లో అత్తెసరు మార్కులతో బయటపడినవాడు. వర్క్‌షాప్ క్యాలిక్యులేషన్ పీరియడ్ అంటే ముందు వరసలో ఎప్పుడూ కూర్చోని వాడు.

రెండోది శబ్దాల ఫోల్డర్. ఆరోగ్యంగా ఉన్న కాంటాక్టర్ టక్ మని పడి మౌనంగా ఉంటుంది. డిమ్మర్‌స్టాట్‌తో కాయిల్ వోల్టేజీ మెల్లగా తగ్గిస్తూ పోతే ఒక చోట గరగరలాడటం మొదలెడుతుంది. అది రికార్డు చేశాం. గ్రీజు ఎండిన బేరింగ్ కీచుమనేది ఒకటి. ఒక ఫ్యూజు తీసి, నేను మెయిన్ మీద చెయ్యి పెట్టుకుని, మూడు సెకన్లు మాత్రం మోటర్ వేసి తీసిన మూలుగు ఇంకోటి. పేర్లు లేకుండా వినిపించి ఏది ఏమిటో చెప్పమనే ఆట పెట్టాను. ఫోన్ స్పీకర్లు లావు శబ్దాలను మింగేస్తాయి. సింగిల్ ఫేజింగ్ మూలుగు వాటిలో పల్చగా వినిపిస్తుంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటేనే అసలు రూపం తెలుస్తుంది. ఇది మేం రెండు రోజులు తప్పులు చెప్పించుకున్నాక కనిపెట్టాం.

ఏప్రిల్‌లో ఒక సోమవారం భూపాలపల్లి వైపు పిల్లవాడు వస్తూనే నా టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"నిన్న బాపు ఫోన్ చేసిండు సార్. బాయికాడ మోటర్ గుయ్‌మంటుంది, నీళ్లు పోస్తలేదు అన్నడు. ఫోన్ మోటర్ దగ్గర పెట్టి ఒక్కసారి వెయ్యమన్న. మన ఫోల్డర్ల ఉన్నదే సార్, నాలుగోది. బంద్ చెయ్, మళ్ల వెయ్యకు, ఒక ఫేజ్ రాకపోవచ్చు అన్న."

"వేసి వినిపించమన్నావా?"

"ఒక్క నిమిషం గూడ కాలే సార్."

"ఒక్క నిమిషమే ఎక్కువరా. మరి ఫేజ్ ఎక్కడ పోయింది?"

"ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఫీజు పోయింది సార్."

"ఎవరేశారు?"

వాడు కాసేపు మాట్లాడలేదు. "బాపు తనే పోతా అన్నడు. నేను వద్దన్న. లైన్‌మన్ వచ్చి ఏసిండు, పొద్దుగూకింది."

ఆ చివరి మాట విన్నాక నాకు ఊపిరి వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫీజు వేయబోయి పోయిన రైతుల వార్తలు ఇక్కడ మనం చదువుతూనే ఉంటాం. వాడు శబ్దం గుర్తుపట్టినందుకు మెచ్చుకున్నాను. దానికంటే తండ్రిని ఆపినందుకు ఎక్కువ మెచ్చుకున్నాను. అయితే ఆ తండ్రి చేత మోటర్ ఇంకోసారి వేయించడం తప్పని కూడా చెప్పాను. మోటర్ మూలుగుతోంది, తిరగట్లేదు అన్న మాట చాలు, వినాల్సిన పని లేదు. ఆ తర్వాత ఫోల్డర్‌లో నాలుగో ఫైల్ పేరు మార్చాం. ఇప్పుడు దాని పేరు "వినగానే ఆపు".

రిజిస్టర్‌లో ఏముంది

ఒక బ్యాచ్, పది ప్యానెళ్లు, ఒకే మాస్టారు. దీన్ని పరిశోధన అనను. నా రిజిస్టర్‌లో రాసుకున్నది చెప్తాను. వీడియోలకు ముందు, సప్లై ఇవ్వబోయే సమయానికి పది ప్యానెళ్లలో ఏడింట్లో కనీసం ఒక చెడు టెర్మినల్ దొరికింది: వదులుగా ఉన్నది, ఇన్సులేషన్ మీద బిగిసింది, పోగు బయట మిగిలింది. మొత్తం విప్పేసి రెండోసారి కట్టినప్పుడు నాలుగింట్లో దొరికింది, మూడోసారి రెండింట్లో. మూడోసారి కట్టేటప్పటికి చేతికి అలవాటు కూడా పెరిగింది కాబట్టి అంతా వీడియోల చలవే అంటే అబద్ధమవుతుంది. ఎంత భాగం దేనిదో విడదీయడానికి నా దగ్గర దారి లేదు. వీడియోలు లేకుండా ఇంకో బ్యాచ్‌కు నేర్పి పోల్చాలంటే మనసు ఒప్పలేదు.

టైం ఎక్కువ పట్టింది. మొదటి ప్యానెల్‌కు రెండు రోజులు అదనం. ఇంకో ప్రాక్టికల్ ఒకటి తొందరగా ముగించాల్సి వచ్చింది.

డ్రాయింగ్ చదవడం మాత్రం అంగుళం కూడా ముందుకు పోలేదు. ఇది నన్ను బాగా బాధపెట్టింది. తెలియని ప్యానెల్ డ్రాయింగ్ చేతికిచ్చి తప్పు వెతకమంటే, వీడియోల్లో మెరిసిన పిల్లలే తెల్లమొహం వేశారు. ఆలోచిస్తే కారణం కనిపిస్తోంది. వీడియో ఒక్క టెర్మినల్‌ను దగ్గరగా చూపిస్తుంది, డ్రాయింగ్ మొత్తాన్ని ఒక్కసారిగా చూడమంటుంది. మొత్తాన్ని చూపించే పని సిమ్యులేటరే బాగా చేసింది. అందుకే తర్వాతి బ్యాచ్‌కు దాన్ని తీసేయలేదు. ఇప్పుడు వరస ఇలా ఉంది: యాప్‌లో సర్క్యూట్ కలపాలి, కలిపినదాన్ని కాగితం మీద డ్రాయింగ్‌గా గీయాలి, ఆ కాగితం పట్టుకుని ప్యానెల్‌కు రావాలి, ప్యానెల్ మీద చేతులను వీడియో తీయాలి. మధ్యలో ఆ కాగితం లేకపోవడమే మొదటి ఏడాది నేను చేసిన పొరపాటు అనుకుంటున్నాను. ఈ వరస ఎంత పనిచేస్తుందో ఇంకా చూడాలి.

రాష్ట్రంలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. రోబోలు, సీఎన్‌సీ యంత్రాలు వచ్చేస్తున్నాయి. ఖరీదైన యంత్రం ముందు పిల్లవాణ్ణి నేరుగా నిలబెట్టలేం కాబట్టి, అక్కడ సిమ్యులేటర్ల వాడకం ఇంకా పెరుగుతుంది. ఆ సెంటర్లలో పాఠం చెప్పే తోటి మాస్టార్లను నేను అడిగేది ఒక్కటే. మీ సిమ్యులేటర్‌లో ఏ తప్పు జరగడం అసాధ్యమో మొదటి రోజే ఒక కాగితం మీద రాసుకోండి. నాది వదులు స్క్రూ, ఓవర్‌లోడ్ డయల్. మీది ఇంకేదో ఉంటుంది.

స్క్రూ మాట వచ్చింది కాబట్టి చివరగా ఒకటి. గట్టిగా బిగించు అని ఇన్నేళ్లుగా చెప్తున్నాను, ఎంత గట్టిగా అన్నది నేనూ చెప్పలేదు, వీడియో కూడా చెప్పలేదు. ఎంత బిగింపు ఉండాలో కాంటాక్టర్ కంపెనీలు అంకెల్లో ఇస్తాయి. దాన్ని కొలవడానికి టార్క్ స్క్రూడ్రైవర్ కావాలి. ఒకటి కావాలని ఇండెంట్ పెట్టాను. అది వచ్చేదాకా నర్సంపేట అమ్మాయి ఎడమ చేత్తో బిగించిన ప్యానెల్‌నే నమూనాగా వర్క్‌షాప్‌లో ఉంచాను. కొత్తగా వచ్చినవాళ్లు ముందు దాంట్లో ఒక స్క్రూ విప్పి, అదే బిగింపు మళ్లీ తెచ్చి చూపించాలి.